గళ్ల కాగితంలో ఊపిరి

మే ఆరున, జార్జి పండగనాడు పొద్దున మేకల కొట్టంలో ఎండుగడ్డి దులుపుతుంటే నాకు ఊపిరి ఆడలేదు. దగ్గూ ఆయాసమూ నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో మనుషుల్లాగే ఉంటున్నాయి. ఆ రోజు మాత్రం లోపలికి పోయిన గాలి బయటికి రానని మొరాయించింది. వచ్చిన కాస్తా ఈల వేసుకుంటూ వచ్చింది. గుమ్మం దాకా నడిచి అక్కడే కూలబడ్డాను.

మా ఆవిడ ఫిదాంకా పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

"ఏమయ్యా, సన్నాయి పీక మింగావా? అలా కూస్తున్నావేంటి?" అంది.

నేను జవాబు చెప్పలేదు. జవాబుకి గాలి కావాలి.

"మామూలుగా కూడా చెప్పవు కాబట్టి నాకు తేడా తెలియట్లేదు. చెయ్యి ఊపు. బాగుంటే ఒకసారి, బాగోకపోతే రెండుసార్లు."

రెండుసార్లు ఊపాను. గంటలో పట్నం ఆసుపత్రిలో ఉన్నాను.

ఆ మంచం మీద పడుకుని నేను ఆలోచించింది ప్రాణం గురించి కాదు, జులై ఇరవై గురించి. నేను గైడా వాయిస్తాను. మేకతోలు తిత్తి, దానికి ఊదే గొట్టం ఒకటి, వేళ్లతో వాయించేది ఒకటి, భుజం మీద వాలి ఒకే శృతి పట్టే పొడుగుది ఒకటి. ఎలియా పండగనాడు ఊరంతా నీళ్ల ధార దగ్గర చేరి, గైడా వెనకాల కొండమీది చర్చికి నడుస్తుంది. ధార దగ్గర నిండిన తిత్తి పైన గంట మోగేదాకా ఖాళీ కాకూడదు. దారిలో పాట తెగితే పండగ గైడా, అంటే ముందు నడిచి వాయించే హక్కు, ఇంకొకరి చేతికి పోతుంది. ఇరవై ఆరేళ్లుగా అది నా చేతిలో ఉంది. అంతకుముందు వడ్రంగి రైచో వాళ్ల నాన్న చేతిలో ఉండేది. మూడో మలుపులో ఆయన తుమ్మాడు. ఆ తుమ్ముతో అది నాకొచ్చింది. అప్పటినుంచీ ప్రతి ఏడూ రైచో తన గైడా చంకలో పెట్టుకుని సరిగ్గా నా వెనకాలే నడుస్తాడు. నేను ఎప్పుడు తుమ్ముతానా అని.

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు కలీనా అనే అమ్మాయి. ముప్పై కూడా ఉండవు. రెండు పంపులూ ఒక మాత్రల అట్టా తెచ్చి నా ముందు వరసగా పెట్టింది. నోట్లో పెట్టుకుని పీల్చే ఆ డబ్బీల్ని మా ఊళ్లో పంపులనే అంటారు.

"తాతా, ఇవి మూడూ మూడు రకాలు. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. ఈ నీలం పంపు ఊపిరి పట్టేసినప్పుడు. రెండు పీల్పులు పీల్చావంటే బిగుసుకున్న గొట్టాలు అప్పటికప్పుడు వదులవుతాయి. కొన్ని గంటలే ఉంటుంది. ఈ కాఫీరంగు పంపు మాత్రం రోజూ, పొద్దునా సాయంత్రమూ. బాగున్నా సరే పీల్చాలి. లోపలి వాపు తగ్గించేది ఇదే. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు, వారాలు పడుతుంది. ఈ తెల్ల మాత్రలు అయిదు రోజులే, ఈసారి ఎక్కువైంది కాబట్టి. తెలిసిందా?"

"ఊఁ," అన్నాను.

"ఊఁ అంటే అర్థమైందనా?"

"కాదమ్మా," అంది ఫిదాంకా. "ఒక ఊఁ అంటే విన్నానని. అర్థమైతే రెండుసార్లంటాడు. పెళ్లయిన నలభై ఏడేళ్లలో నేను నాలుగైదుసార్లు విన్నాను."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "కాఫీరంగుది పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి తాతా. లేకపోతే నోట్లో తెల్లగా పూత పూస్తుంది, గొంతు బొంగురుపోతుంది."

"దేంతో పుక్కిలించాలో కూడా చెప్పమ్మా."

"నీళ్లతో. ఇంకేముంది?"

ఫిదాంకా నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

చివరికి ఒక గొట్టం ఇచ్చింది. పక్కన అంకెలుంటాయి, మధ్యలో చిన్న ముల్లు. బలంగా ఊదితే ముల్లు పైకి జరుగుతుంది. నాచేత ఊదించింది. రెండు వందల అరవై.

"నీ ఎత్తుకీ వయసుకీ నాలుగు వందలు దాటాలి," అంది. తర్వాత గళ్ల కాగితం ఒకటి చేతిలో పెట్టింది. రోజుకి రెండు గళ్లు, ఆరు వారాలు. "పొద్దున మూడుసార్లు ఊదు, అన్నిట్లో ఎక్కువొచ్చింది రాయి. సాయంత్రం అలాగే. నిండాక బస్సు డ్రైవరుతో నాకు పంపించు. అంకెల్ని బట్టి మందు పెంచడమో తగ్గించడమో చెప్తాను."

"గైడా?" అన్నాను.

"అదీ అంకెలే చెప్తాయి."

ఇంటికొచ్చాక నీలం పంపుకి నా దగ్గర మర్యాద దొరికింది. పిలిస్తే పలికేది. రెండు పీల్పులు, నాలుగు నిమిషాలు, ఛాతీ మీంచి బండ దిగినట్టుండేది. కాఫీరంగుది అలా కాదు. పీల్చినా ఒకటే, పీల్చకపోయినా ఒకటే. వెనకటి కమ్యూనిస్టుల కాలంలో మా సహకార పొలంలో పార్టీ నుంచి వచ్చి కుర్చీలో కూర్చునే మనిషి ఒకడుండేవాడు. ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు, తీసెయ్యడానికీ లేదు. ఈ పంపుని చూస్తే నాకు వాడు గుర్తొచ్చేవాడు.

దాంతో నాకు పనికొచ్చింది పుక్కిలించడం ఒక్కటే. మొదటిరోజు సాయంత్రం పీల్చి, మూడేళ్లనాటి మా సొంత పళ్ల సారా, రకియా, గుక్కెడు నోట్లో పోసుకున్నాను. బాగా పుక్కిలించాను. ఉమ్మడానికి గుమ్మం దాకా వెళ్లాను. ఆ ఏడు చెట్లు ఎలా కాశాయో, కాచేటప్పుడు పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడ్డానో గుర్తొచ్చింది. మింగేశాను.

వారం గడిచింది. నేను మందు మర్చిపోవట్లేదని ఫిదాంకా ఊరంతా చెప్పుకుంది. పదోరోజున, "మధ్యాహ్నం పూట కూడా పీలిస్తే పోలా?" అని నేనన్నాను. అప్పుడు వచ్చి నా నోరు వాసన చూసింది. ఆ మర్నాటినుంచి నేను పుక్కిలిస్తుంటే చెంబు పట్టుకుని పక్కనే నిలబడేది.

ఇక ఆ గొట్టం. మొదటి మూడురోజులూ నేనే ఊదాను. పొద్దుటివి రెండు వందల అరవై, డెబ్భై, అరవై అయిదు. నాలుగోరోజు దాన్ని కాగితంతో సహా మించో కొట్టుకి తీసుకెళ్లాను. కళ్లజోడు పగిలింది, ముల్లు ఎక్కడుందో కనబడలేదు. మించో కొట్టులో రొట్టె, అగ్గిపెట్టెలు, రకియా దొరుకుతాయి. కొట్టు పెట్టకముందు అతను ఇరవై రెండేళ్లు సహకార పొలంలో రికార్డులు రాశాడు. గళ్ల కాగితం కనబడగానే అతని వీపు నిటారైంది.

"ఇది ఎక్కడికి పోతుంది?"

"పట్నం."

"పట్నం!" కాగితాన్ని బల్లమీద చదును చేశాడు. "రెండు వందల అరవై, రెండు వందల డెబ్భై, మళ్లీ రెండు వందల అరవై అయిదు. ఒరేయ్ డెల్చో, పైకి పోయే కాగితంలో అంకె కిందికి దిగుతుందిట్రా ఎక్కడైనా? చూసినవాడు మన ఊరి గురించి ఏమనుకుంటాడు?"

"నా ఊపిరి అంతే."

"నీ ఊపిరి అంతేలే. ఊరి పేరు ఎంతో చూడు, కాగితం పైన రాసుంది." అంటూ గొట్టాన్ని బల్ల అవతల కూర్చున్న వెల్కో చేతికిచ్చాడు. "ఊదరా."

వెల్కో అడవిలో దుంగలు లాగే మనిషి. అతని మెడ చొక్కాలో పట్టదు. ఊదాడు. ముల్లు ఆరు వందల నలభై దగ్గర ఆగింది. కొట్టంతా కుర్చీలు జరిపిన చప్పుడు.

"ఆరు వందల నలభై," అని రాసేశాడు మించో.

"అది వెల్కోది," అన్నాను.

"అబద్ధం రాశానా? మన ఊరి మనిషి ఊదాడా లేదా? ఊదని అంకె నేను జన్మలో రాయలేదు."

నిజమే, రాయలేదు. సహకార రోజుల్లో మాకు గున్న ఏనుగులాంటి ఒక పాడి ఆవుండేది. పాలు కొలిచే ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఏ కొట్టంలోకి వెళ్లినా ఆయనకి ఆ ఆవే ఎదురయ్యేది. ఆయన ముందు తలుపు నుంచి వస్తుంటే దాన్ని వెనక తలుపు నుంచి పక్క కొట్టానికి తోలేవాళ్లం. ఒకసారి ఆయన దాని నుదుటి మచ్చ చూసి, "ఇక్కడి ఆవులన్నీ ఒకే పోలికలో ఉన్నాయే," అన్నాడు. "మంచి జాతి సార్," అన్నాడు మించో. పాలు మాత్రం నిజంగా పితికినవే.

అలా నా కాగితం ఊరి కాగితమైంది. పొద్దుటి గడి వెల్కోది. అడవికి పోతూ ఊదిపోయేవాడు. సాయంత్రం గడికి పోటీ పడ్డారు. అప్పుడు రైచో వచ్చాడు, గడ్డంలో రంపపు పొట్టుతో.

"దుంగలు లాగేవాడు ఊదడమేంటి? గైడా ఊదేవాడిని నేనుండగా?" అన్నాడు. ఊదాడు. అయిదు వందల పది. "సాయంత్రం గడి నాది. ఎవడైనా ముట్టుకుంటే ఊరుకోను. ఈ డెల్చోగాడి పేరుమీద నా ఊపిరి పట్నం పోతుంది. పోనీ. ఎవరిదో దేవుడికి తెలుసు."

"నీకు బాగా తెలిసేలా చేస్తాడులే," అంది రొట్టె కొనడానికొచ్చిన ఫిదాంకా. "ఏమయ్యా, నీ కాగితంలో నువ్వెక్కడున్నావు?"

మొదటి మూడు రోజులూ చూపించాను.

వెల్కో అంకె కదిలేది కాదు, గట్టి పశువు. రైచో అంకే మించో బుర్ర తినేసింది. ఆదివారం సాయంత్రం అయిదు వందల పది ఉండేది. సోమవారం నాలుగు వందల డెబ్భై. శుక్రవారానికి మూడు వందల ఎనభై. మళ్లీ ఆదివారం అయిదు వందలు.

"ఒరేయ్ రైచో, వారం వారం ప్రణాళిక పాడుచేస్తున్నావు. ఆ గడి వేరేవాళ్లకి ఇచ్చెయ్."

"పనిచేసి వచ్చినవాడు అలిసిపోడా? నీలాగా కొట్టులో కూర్చుని పెన్ను ఊదుతానా?" అని దగ్గాడు. దగ్గుతూనే మళ్లీ ఊదాడు.

ఆరు వారాలు నిండాయి. కాగితం బస్సెక్కింది. మూడోరోజు డాక్టరమ్మ చీటీ వచ్చింది. మించో బల్ల దగ్గర నిలబడి అందరికీ వినబడేలా చదివాడు. "తాతా, పొద్దుటి అంకెలు చూసి నా కళ్లని నేను నమ్మలేకపోయాను. ఇలాగే ఉంటే కాఫీరంగు పంపు ఒక్క పూట చాలు. సాయంత్రపు అంకెలు మాత్రం వింతగా ఉన్నాయి, నాకు అర్థం కాలేదు. పండగ లోపల నేనే వచ్చి నిన్ను చూస్తాను."

"కళ్లని నమ్మలేకపోయిందట!" అన్నాడు మించో. కొట్టులో ఉన్నవాళ్లందరికీ తలా ఒక రకియా పోశాడు. వెల్కో సిగ్గుపడ్డాడు.

ఒక్క పూట చాలంది డాక్టరమ్మ. పని చెయ్యనిది ఒక పూట ఎందుకు, రెండు పూటలెందుకు? రెండూ మానేశాను. ఫిదాంకా చెంబుతో నిలబడితే ఉత్తినే పుక్కిలించి ఉమ్మేవాణ్ణి.

జులై మొదట్లో గడ్డి కోతలు మొదలయ్యాయి. ఈల మళ్లీ వచ్చింది. నీలం పంపు ఉంది కదా అనుకున్నాను. పొద్దున రెండు పీల్పులు, కొట్టం దగ్గర రెండు, మెట్లెక్కితే రెండు, పడుకోబోతూ రెండు. రోజుకి పది అయ్యాయి, పన్నెండు అయ్యాయి. గుండె దడదడమనేది. వేళ్లు వణికేవి. ఆ వణుకుతోనే సాయంత్రాలు ధార దగ్గర కూర్చుని గైడా వాయించేవాణ్ణి.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. జనం ఆగి వినడం మొదలుపెట్టారు.

"డెల్చో, ఈ ఏడు గమకాలు ఎక్కడ నేర్చావురా? పిట్ట రెక్క కొట్టుకున్నట్టుంది!" అన్నాడు మించో.

నేను ఏమీ నేర్వలేదు. వేలు వెయ్యాలనుకున్నచోట అదే మూడుసార్లు పడేది.

రైచో మూడు రోజులు విన్నాడు. నాలుగోరోజు చీకటిపడే వేళకి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ నీలం దాంట్లో ఏముందిరా?"

"మందు."

"వేళ్లకా?"

"ఛాతీకి."

"అబద్ధాలాడకు. ముసలితనంలో వేళ్లు మొద్దుబారతాయిగాని చురుకెక్కుతాయా? ఒక్కసారి ఇవ్వు. పండగనాడు నీ వెనకాల నడిచేవాడిని నేనే కదా, నాకూ న్యాయం ఉండాలి."

ఇచ్చాను. రెండు పీల్పులు పీల్చాడు. వేళ్లు చాపి చూసుకున్నాడు. ఉన్నట్టుండి చూపు వేళ్లమీంచి ఎటో పోయింది. గాలి లోపలికి తీశాడు. ఇంకా తీశాడు. ఎక్కడిదాకా పోతుందో చూస్తున్నట్టు తీస్తూనే ఉన్నాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు," అని పంపు నెమ్మదిగా ఇచ్చి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వేళ్ల గురించి మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

పండగ ఇంక వారం ఉందనగా డాక్టరమ్మ బస్సు దిగింది. మేమంతా మించో కొట్టు ముందు బల్లల మీద ఉన్నాం. నేను తిత్తికి కొవ్వు పట్టిస్తున్నాను. ఆమె సంచీలోంచి కొత్త గొట్టం తీసింది.

"ఆరు వందల నలభై ఊదిన తాతని చూడాలని వచ్చాను. మా పెద్ద డాక్టరుకి కూడా చెప్పాను, ఆయన నమ్మలేదు. ఏదీ, ఊదు."

నేను మించోని చూశాను. మించో ఆకాశాన్ని చూశాడు. ఊదాను. రెండు వందల ఇరవై.

ధార నీళ్లు తొట్టిలో పడుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది.

"ఇవాళ గాలి కొంచెం బరువుగా ఉంది డాక్టరమ్మా," అన్నాడు మించో.

ఆమె నా వీపుమీద స్టెతస్కోపు పెట్టి విన్నది. నీలం పంపు తీసుకుని ఊపి చూసింది, ఖాళీ. కాఫీరంగుది ఊపింది, ఈపాటికి అయిపోవలసింది ఇంకా సగం ఉంది. తర్వాత గళ్ల కాగితం బల్లమీద పరిచింది. గొంతు పెంచలేదు.

"ఈ ఊపిరి ఎవరిది?"

జనం తలలు దించుకుంటారనుకున్నాను. మా ఊరివాళ్లని నేను ఇంకా తెలుసుకోలేదన్నమాట.

"పొద్దుటివన్నీ నావే," అని లేచాడు వెల్కో. "మే ఇరవై మూడు చూడండమ్మా, ఆరు వందల యాభై. ఆ రోజు జలుబు కూడా చేసింది నాకు."

"జూన్ రెండు పొద్దుట నాది," అన్నాడు వెనకనుంచి ఎవరో. "వెల్కో మేనకోడలి పెళ్లికి వెళ్లాడు, ఆ గడి నేను నింపాను. రాశావా మించో, పక్కన నా పేరు?"

"పేర్లు రాసే చోటు లేదు కాగితంలో," అన్నాడు మించో. "డాక్టరమ్మా, ఒక్క అంకె కూడా దొంగది కాదు. అన్నీ నా కళ్లముందు ఊదినవే."

"సాయంత్రాలు?"

"నావి," అన్నాడు రైచో, ఛాతీ విరుచుకుని.

డాక్టరమ్మ మిగతావాళ్లని వదిలేసి అతని దగ్గరికి వెళ్లింది. "ఏం పని చేస్తావు?"

"వడ్రంగి."

"ఆదివారం కొట్టు మూస్తావు కదూ?"

"మూస్తాను. మీకెవరు చెప్పారు?"

"నువ్వే రాయించావు. ఆరు వారాలూ చూడు. ఆదివారం పైకి, శుక్రవారానికి కిందికి. ఆ పొట్టు నీ ఊపిరి గొట్టాల్ని వాచేలా చేస్తోంది. ఈ తాత నీలం పంపు ఎప్పుడైనా పీల్చావా?"

రైచో నావైపు చూశాడు. నేను తిత్తివైపు చూశాను.

"వేళ్లకోసం," అన్నాడు చివరికి. "రెండు మూడుసార్లు. పదిసార్లు."

"హాయిగా అనిపించిందా?"

తలాడించాడు. "పదేళ్లయిందమ్మా అంత గాలి చూసి," అన్నాడు.

డాక్టరమ్మ మా ఇద్దరినీ ఒకే బల్లమీద కూర్చోబెట్టింది. ఒకరి మందు ఒకరు ముట్టుకున్నందుకు చివాట్లు పెట్టింది. రైచోని పట్నం వచ్చి పరీక్ష చేయించుకోమంది. అప్పటిదాకా పొట్టు దగ్గర ముక్కుకి గుడ్డ కట్టుకోమంది, ఊదే పనులు మానమంది. తర్వాత నావైపు తిరిగింది.

"తాతా, ఏం చేస్తున్నావు దాంతో?"

"కొవ్వు రాస్తున్నాను."

"ఎందుకు?"

"తోలు ఎండకుండా."

"ఎప్పుడెప్పుడు రాస్తావు?"

"వారం వారం."

"ఇవాళ తోలు బాగానే ఉందిగా. పగిలాక రాసుకోవచ్చుగా?"

"పగిలాక రాసేదేముంది?"

ఆమె కాఫీరంగు పంపు నా మోకాలిమీద పెట్టింది.

నేను తిత్తిని చూశాను. పంపుని చూశాను. కొవ్వు రాసిన వెంటనే తిత్తి ఏమీ పలకదు. ఆ రోజు రాసినందుకు ఆ రోజు తేడా ఉండదు. ఇన్నేళ్లూ ఆ సంగతి నా చేతులకి తెలుసు.

"ఊఁ ఊఁ," అన్నాను.

"అమ్మా!" అని అరిచింది ఫిదాంకా కొట్టు గుమ్మంలోంచి. "రెండుసార్లన్నాడు! విన్నారా, రెండుసార్లన్నాడు!"

తెల్లమాత్రలు మళ్లీ అయిదు రోజులు. కాఫీరంగుది రెండు పూటలు, నీళ్లతో పుక్కిలింత. నీలం కొత్తది, పట్టేసినప్పుడు మాత్రమే. మామూలుకన్నా ఎక్కువ కావలసి వస్తే పట్నం రావాలి, ఇంకో రెండు పీల్చి ఊరుకోకూడదు.

"పండగ?" అన్నాను.

"నెమ్మదిగా కొండ ఎక్కొచ్చు. వేళ్లు ఎంతైనా ఆడించుకో. ఎక్కుతూ ఊదడం మాత్రం ఈ ఏడు కుదరదు."

నేను ఊదకూడదు, రైచో ఊదకూడదు. ఊళ్లో మూడో గైడా లేదు. ఇరవై ఆరేళ్లు కాపాడుకున్నది ధార దగ్గరే తెగిపోతుందనుకుని తిత్తి మడతపెట్టబోయాను.

"ఆగరా," అన్నాడు మించో. "నియమం ఏంటి? తిత్తి ఖాళీ కాకూడదు, పాట తెగకూడదు. అంతే కదా? ఎవడి ఊపిరితో నింపాలో ఎక్కడైనా రాసుందా?"

"లేదు," అన్నాడు రైచో, మనసొప్పక.

"ఆరు వారాలు వీడి కాగితానికి ఊదాం. ఒక్కపూట వీడి తిత్తికి ఊదలేమా?"

వెల్కో అప్పటికే పెదాలు తుడుచుకుంటున్నాడు.

మామూలు ఊదే గొట్టం జానెడే ఉంటుంది. పక్కన నడిచేవాడి నోటికి అందాలంటే మూరెడు కావాలి. అది చెయ్యగలిగినవాడు ఊళ్లో ఒక్కడే. రైచో ముక్కుకి గుడ్డ కట్టుకుని రెండు రోజులు కూర్చుని మేడికర్రతో చేశాడు. లోపల గాలి వెనక్కి రాకుండా తోలు నాలుక నేను కట్టాను. ఆ రెండు రోజులూ ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. మాటలు నాలుగు దాటలేదు. "అటు పట్టు" రెండుసార్లు, "చాలు" రెండుసార్లు.

పండగనాడు పొద్దున ధార దగ్గర వెల్కో మొదటి ఊపిరి ఊదాడు. తిత్తి ఒక్క దెబ్బకి చూడి మేకలా అయింది. "మెల్లిగారా, అది మేక, ఎద్దు కాదు!" అని అరిచాను. ఆ ఏడు నేను మాట్లాడిన పెద్ద మాట అదే. నడక మొదలైంది. నేను మోచేత్తో నొక్కుతూ వేళ్లు ఆడిస్తున్నాను, వెల్కో పక్కన వంగి నడుస్తూ ఊదుతున్నాడు. మొదటి మలుపులో అతని చోటికి ఇంకొకడు వచ్చాడు, రెండో మలుపులో ఇంకొకడు. మారిన ప్రతిసారీ మించో గొట్టం కొనని రకియా గుడ్డతో తుడిచేవాడు. వరసలో లేనివాళ్లు కూడా గొట్టం కోసం తోసుకొచ్చారు. జనం ఏటికంటే ఎక్కువ నవ్వారు. పాట మాత్రం తెగలేదు.

మూడో మలుపులో ఊదాల్సింది మించో. ఉన్న ఊపిరంతా వరసలు సర్దడానికి ఖర్చుపెట్టేశాడు. గొట్టం నోట్లో పెట్టుకున్నాడు, నవ్వొచ్చింది, నవ్వు దగ్గైంది. వెల్కో అప్పటికి నలభై అడుగుల వెనక ఉన్నాడు. నా మోచేయి కింద తిత్తి మెత్తబడింది. శృతి దిగింది. ఇంకో నాలుగు అడుగులకి ఆగిపోతుంది. ఆగితే గైడా ఎవరిదో అందరికీ తెలుసు. అతను నా వెనకాలే ఉన్నాడు, ఇరవై ఆరేళ్లుగా ఉన్నచోటే, తన గైడా చంకలో పెట్టుకుని. తను చెయ్యాల్సింది ఏమీ లేదు. నాలుగు అడుగులు ఊరికే నడిస్తే చాలు.

గొట్టం కొన పైకి లేచింది. నేను తల తిప్పలేదు. గడ్డంలో రంపపు పొట్టు కనబడింది. రైచో రెండుసార్లు ఊదాడు, నిండుగా, గైడా ఊదేవాడు ఊదినట్టు. తిత్తి నిలబడింది. వెల్కో పరుగెత్తుకొచ్చి అందుకున్నాడు.

పైన గంట మోగింది. రైచో బండమీద కూర్చుని ఎగరోజుతున్నాడు. నేను నా నీలం పంపుకేసి చెయ్యి పోనిచ్చాను. అతను తన జేబులోంచి తన పంపు తీసి చూపించాడు. డాక్టరమ్మ వారం మధ్యలో రప్పించి పరీక్ష చేసి ఇచ్చిందట. రెండు పీల్పులు పీల్చాడు. నాలుగు నిమిషాలు ఆగాం. పండగకి వచ్చిన డాక్టరమ్మ ఆ పక్కనే పొట్టేలు పులుసు గిన్నెతో కూర్చుని ఉంది.

"నేను ఊదినట్టు ఆమెకి చెప్పకు," అన్నాడు.

"ఊఁ."

"ఊఁ అంటే?"

"విన్నానని."

"ఛీ, నీతో స్నేహం ఎలా చేస్తార్రా మనుషులు?" అని కాసేపు దగ్గి, "పాట తెగలేదు. ఈ ఏడు కూడా నీదే. వచ్చే ఏడు చూసుకుందాం," అన్నాడు.

ఇప్పుడు సెప్టెంబరు. నా గళ్లలో నా అంకెలే ఉన్నాయి. నిన్న సాయంత్రం మూడు వందల తొంభై. మించో దాన్ని రాస్తూ నిట్టూర్చాడుగాని రాశాడు. నీలం పంపు జేబులో ఉంది, వారానికి ఒకసారి కూడా బయటికి రావట్లేదు. పొద్దునా సాయంత్రమూ ఇద్దరం ధార దగ్గర కలుస్తాం, కాఫీరంగు పంపులతో. పీలుస్తాం, దోసిట్లో నీళ్లు పట్టి పుక్కిలిస్తాం, ఉమ్ముతాం. రైచో రోడ్డు అవతల రాయిదాకా ఉమ్ముతాడు. నాది ఇంకా సగం దాకే పోతోంది. రోజుకి రెండుసార్లు నేర్చుకుంటున్నాను.